అచ్చుబొమ్మల జగ్గు చెప్పిన చరిత్ర

ఇంగ్లండులోని ప్రదర్శనశాలలలోను, పాతసామానులు అమ్మే దుకాణాలలోను ఒక రకం మట్టి జగ్గులు తరచుగా కనిపిస్తవి. జానెడు ఎత్తు, గుండ్రని కడుపు, ఒక పక్క పిడి, ఎదుటి పక్క పిట్టముక్కు వంటి మూతి. తెల్లని ఒంటిమీద నీలంగానో నల్లగానో ఒక బొమ్మ ఉంటుంది. అది ఓడ కావచ్చు, వంతెన కావచ్చు, ఒక సేనాపతి ముఖం కావచ్చు. దగ్గరగా తీసి చూస్తే ఆ బొమ్మ కుంచెతో వేసినది కాదని తెలిసిపోతుంది. వెంట్రుకల వంటి సన్నని గీతలు, వాటి మధ్య లెక్కలేనన్ని చుక్కలు. అచ్చం పుస్తకంలో ముద్రించిన పటం లాగానే ఉంటుంది.

ఇవి రాజుల ఇంట వాడినవి కావు. పాలు, బీరు పోసుకొనడానికి మామూలు సంసారులు కొన్నవి. పగిలితే పారవేసినవి. పగలక మిగిలినవాటిని ఇప్పుడు అద్దాల బీరువాలలో పెట్టి చూపుతున్నారు. ఇంత చవుక సామానుకు ఇంత గౌరవం ఎందుకు వచ్చినదో తెలియాలంటే ముందుగా ఒక చిన్న ప్రశ్న వేసుకోవాలి: గుండ్రని జగ్గు మీద బొమ్మను అచ్చు వేయడం ఎట్లా సాధ్యమైనది?

మచిలీపట్నం అద్దకంవారు చెక్క అచ్చును రంగులో అద్ది గుడ్డ మీద వేస్తారు. గుడ్డ బల్లమీద చదునుగా పరచి ఉంటుంది కనుక అచ్చు అంతటా సమానంగా తగులుతుంది. అదే అచ్చును జగ్గు కడుపుకు ఆనించి చూడండి. నడుమ ఒక్కచోట తగిలి, అంచులన్నీ గాలిలో నిలుస్తవి. జగ్గు పైనుంచి కిందికి ఒక వంపు, చుట్టూ మరొక వంపు తిరిగి ఉంటుంది గదా! ఇది మొదటి చిక్కు. రెండవది అంతకంటె పెద్దది. కుండకు వేసిన రంగు ఆవములో వెయ్యి డిగ్రీల వేడికి తట్టుకోవాలి. కాగితం మీద వాడే సిరాలు ఆ వేడిలో పొగ అయిపోతవి.

పద్దెనిమిదవ శతాబ్దం నడుమ వరకు ఇంగ్లండులో మట్టిపాత్రల మీద బొమ్మలన్నీ చేతితో వేసినవే. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్కసారి కుంచె పట్టవలసినదే. అందువల్ల ధర ఎక్కువ. చీనా నుండి ఓడలలో వచ్చే నీలిబొమ్మల పింగాణి ఇంకా ప్రియం. కలవారి ఇండ్లలో చీనా పింగాణి, పేదల ఇండ్లలో బొమ్మలేని మట్టిగిన్నె. నడుతరగతివారు మాత్రం చీనా సామాను వంక ఆశగా చూస్తూ ఉండేవారు. ఈ ఆశను సొమ్ము చేసుకొనే ఉపాయం కోసం చాలామంది వెదికినారు.

1751 లో జాన్ బ్రూక్స్ అనే ఐర్లండు చెక్కడపుపనివాడు బర్మింగుహాములో ఉంటూ, ఎనామిలు వస్తువుల మీద రాగిరేకు ముద్రను దింపే పద్ధతికి పేటెంటు కోరినాడు. అది అతనికి దక్కలేదు. కాని ఆలోచన బయటపడింది. ఆ తరువాత అయిదారేళ్ళలోనే లండను దగ్గర బాటర్సీలోను, ఊస్టరులోను, లివర్పూలులోను ఈ పని మొదలైంది. ఊస్టరు పింగాణి మీద ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ముఖాన్ని అచ్చువేసిన గ్లాసు ఒకటి 1757 తేదీతో ప్రసిద్ధమైనది. దాని రేకు చెక్కినవాడు రాబర్ట్ హాన్‌కాక్.

లివర్పూలు కథ ఇంకా రుచిగా ఉంటుంది. అక్కడ జాన్ శాడ్లరు, గై గ్రీన్ అనే ఇద్దరు ముద్రాపకులు ఉండేవారు. చిన్నపిల్లలు పనికిరాని అచ్చుకాగితాలను పెంకుముక్కలకు అంటించి ఆడుకొంటూ ఉంటే శాడ్లరుకు ఈ ఊహ తట్టినదని ఒక కథ చెప్పుతారు. ఇటువంటి కథలు ప్రతి కొత్త పనికీ వెనుకనుంచి పుట్టేవే కనుక దానిని పక్కన పెట్టవచ్చు. పక్కన పెట్టరానిది వారిద్దరూ 1756 ఆగష్టులో ప్రమాణపూర్వకంగా వ్రాసి ఇచ్చిన వాఙ్మూలం. ఆ సంవత్సరం జులై 27 వ తేదీన, ఉదయం తొమ్మిది మొదలు పగలు మూడు గంటల లోపల, ఇతరుల సహాయం లేకుండా తామిద్దరే 1200 కు పైగా గోడపలకల మీద రకరకాల బొమ్మలు అచ్చువేసినామని వారు చెప్పినారు. నూరుమంది నేర్పరులైన చిత్రకారులు అంతకాలంలో అన్ని పలకలు వేయలేరని మరి ఇద్దరు సాక్ష్యం పలికినారు.

విద్యార్థులు ఈ లెక్కను కాగితం మీద వేసి చూడవచ్చు. ఆరు గంటలలో 1200 పలకలు అంటే గంటకు 200. అనగా పద్దెనిమిది సెకండ్లకు ఒకటి. పనివారు ఇద్దరు కనుక ఒక్కొక్కరికి ముప్పదియారు సెకండ్లు. నూరుగురు చిత్రకారులు ఇదే పని ఆరు గంటలలో చేయాలంటే ఒక్కొక్కరు పన్నెండు పలకలు, అనగా అరగంటకు ఒకటి పూర్తిచేయాలి. అరగంట పని అరనిమిషానికి దిగిందన్నమాట. పారిశ్రామిక విప్లవం అనగానే ఆవిరియంత్రము, నూలుమగ్గము మనకు గుర్తు వస్తవి. దాని గాలి కుమ్మరివాడల మీద కూడ వీచినదని ఈ వాఙ్మూలం సాక్ష్యం చెప్పుతున్నది. ఇంత ప్రమాణం చేసి కూడ శాడ్లరు, గ్రీన్ పేటెంటు తీసుకోలేదు. రహస్యం రహస్యంగా ఉంచుకొనడమే లాభమని తలచినారు కాబోలు. ప్రసిద్ధ కుమ్మరి జోసయా వెడ్జివుడ్ 1760 తరువాత తన మీగడరంగు పాత్రలను బండ్లమీద లివర్పూలుకు పంపి, వీరి చేత అచ్చు వేయించుకొని తెప్పించుకొనేవాడు.

రాగిరేకు నుండి జగ్గు దాకా

ఇప్పుడు పని జరిగే తీరు చూతాము. ముందుగా రాగిరేకు మీద ఉక్కు ములుకుతో బొమ్మ చెక్కుతారు. గీత లోతుగా ఉంటే రంగు ఎక్కువ పట్టి ముదురుగా పడుతుంది. పైపైన ఉంటే లేతగా పడుతుంది. నీడలు, మబ్బులు మొదలైన మెత్తని భాగాలకు గీతలకు బదులు చుక్కలు పొడుస్తారు. పుస్తకానికి చెక్కే రేకుకూ దీనికీ ఒక తేడా ఉన్నది. పుస్తకానికైతే అక్షరాలు తలక్రిందుగా, అద్దంలో కనిపించినట్లు చెక్కాలి. ఇక్కడ సూటిగానే చెక్కుతారు. ఎందుచేతనంటే బొమ్మ రేకు మీదినుంచి కాగితానికి దిగినప్పుడు ఒకసారి తిరగబడుతుంది, కాగితం నుంచి కుండకు దిగినప్పుడు మళ్ళీ తిరగబడి సరి అవుతుంది.

రంగుకు లోహపు భస్మాన్ని మెత్తగా నూరి, కాచిన అవిసెనూనెతో కలుపుతారు. రేకును పొయ్యిమీద వెచ్చచేసి, జిగురుగా ఉన్న ఆ రంగును గీతలలోనికి దిగేటట్లు రుద్ది, పైన మిగిలినది గీకి శుభ్రంగా తుడుస్తారు. రంగు గీతలలోనే నిలుస్తుంది. సబ్బునీటిలో తడిపిన పల్చని కాగితాన్ని రేకుమీద పరచి, ఫ్లానెలు గుడ్డ కప్పి, రెండు రోలర్ల మధ్యనుంచి నడిపితే బొమ్మ కాగితానికి అంటుకొని వస్తుంది. తడి ఆరకముందే ఒక పిల్ల కత్తెరతో దానిని కావలసిన ముక్కలుగా కత్తిరిస్తుంది. మరొక స్త్రీ ఆ ముక్కలను, ఒకసారి కాల్చి ఇంకా పూత వేయని పాత్రమీద అమర్చుతుంది. కాగితం పల్చన కనుక వంపులకు ఒదుగుతుంది. మొదటి చిక్కు ఇక్కడ విడిపోయింది.

అమర్చిన కాగితాన్ని గట్టి కుచ్చుతో రుద్దుతారు. పూతలేని మట్టి నూనెరంగును పీల్చుకొంటుంది. తరువాత పాత్రను నీటిలో ముంచితే కాగితం నాని ఊడిపోతుంది. నూనెతో కలిసిన రంగు నీటికి కరగదు కనుక బొమ్మ నిలిచిపోతుంది. నూనె, నీరు కలియవు అన్న ఒక్క సంగతి మీద ఈ కళ అంతా ఆధారపడి ఉన్నది. ఉపాధ్యాయులు తరగతిలో దీనిని సులభంగా చూపవచ్చు. దీపపు మసిని అవిసెనూనెలో చిక్కగా నూరి, పల్చని కాగితంమీద ఒక బొమ్మ గీసి, ఆరకముందే కొత్త మట్టిమూకుడుకు ఆనించి గట్టిగా రుద్దండి. తరువాత నీటిలో నానబెట్టి కాగితం ఒలిచితే బొమ్మ మూకుడుమీద మిగులుతుంది, కాని తిరగబడి. ఇక్కడ ఒక్కసారే దింపినాము గదా!

ఇంకా ఆ నూనె సంగతి మిగిలి ఉన్నది. నూనె ఉన్నచోట గాజుపూత అంటదు. అందుచేత పాత్రను సుమారు 700 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో ఒకసారి కాల్చి, నూనెను హరింపజేసి, రంగును మట్టికి గట్టిపరుస్తారు. తరువాత పూతనీళ్ళలో ముంచి వెయ్యి డిగ్రీలకు పైగా మళ్ళీ కాల్చుతారు. పూత కరిగి, పారదర్శకమైన గాజుపొర అయి బొమ్మను కప్పుతుంది. ఇక ఎన్ని ఏండ్లు తోమినా బొమ్మ చెరగదు. మొదటి రోజులలో లివర్పూలులో చేసినట్లు పూతకు పైన అచ్చువేసిన బొమ్మలు ఇట్లు కావు. చెంచా గీతలకు, బూడిదతో తోమడానికి క్రమంగా అరిగిపోతవి.

పూత కింద ఉండి అంత వేడికి తట్టుకొనే రంగు ఆ కాలంలో ఆధారపడదగినది ఒక్కటే: కోబాల్టు నీలం. ఈ ఖనిజం సాక్సనీ గనులనుంచి వచ్చేది. పాత నీలిజగ్గులన్నీ నీలంగా ఉండడానికి కారణం ఇంగ్లీషువారి అభిరుచి కాదు, కోబాల్టు గుణం. క్రోమియం మూలకాన్ని 1797 లో వాక్‌లాఁ కనుగొన్నాడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ లోహపు ఆకుపచ్చ, తరువాత గులాబి, గోధుమ మొదలైన రంగులు జగ్గులమీదికి వచ్చినవి. అందువల్ల ఆకుపచ్చ అచ్చు ఉన్న జగ్గును ఎవరైనా 1780 నాటిదని చెప్పితే నమ్మవలసిన పని లేదు. రసాయనశాస్త్ర చరిత్ర తెలిసినవానికి పాతసామాను వ్యాపారి అబద్ధం చెప్పలేడు.

1784 ప్రాంతంలో స్టాఫర్డ్‌షైరులోని స్టోకు పట్టణంలో జోసయా స్పోడ్ అనే కుమ్మరి, పూతకింద నీలి అచ్చును మట్టిపాత్రలమీద వ్యాపారానికి తగినట్లు స్థిరపరచినాడు. చెక్కడం తెలిసిన తామస్ లూకాస్ కాగ్లీ పింగాణి కర్మాగారం నుంచి అతని దగ్గరకు వచ్చినాడు. కాలం కూడ కలిసివచ్చింది. అదే 1784 లో బ్రిటిషు పార్లమెంటు తేయాకుమీద సుంకాన్ని నూటికి 119 నుంచి పన్నెండున్నరకు తగ్గించింది. టీ తాగేవారు పెరిగినారు; గిన్నెలు, పాలజగ్గులు కావలసి వచ్చినవి. 1791 లో ఈస్టిండియా కంపెనీ చీనా పింగాణిని పెద్దయెత్తున దిగుమతి చేయడం మానుకొన్నది. ఖాళీ అయిన చోట స్టాఫర్డ్‌షైరు నీలిసామాను వచ్చి కూర్చున్నది.

బొమ్మలు ఎక్కడివి?

మొదట చీనా బొమ్మలనే అనుకరించినారు. 1790 ప్రాంతంలో పుట్టిన విల్లో నమూనా నేటికీ ప్రసిద్ధం: వంగిన చెట్టు, వంతెనమీద ముగ్గురు మనుషులు, పైన రెండు పక్షులు. తండ్రిని ధిక్కరించి పారిపోయిన ఒక ప్రేమికుల జంట పక్షులైపోయినదని దీనికి ఒక చీనా పురాణం చెప్పుతారు. చీనాలో అటువంటి పురాణం లేదు. ముందు బొమ్మ పుట్టింది. కథ దానికోసం ఇంగ్లండులోనే తరువాత అల్లబడింది. 1849 లో ఒక ఇంగ్లీషు కుటుంబపత్రిక దానిని వివరంగా అచ్చువేసింది. 

చీనా బొమ్మలు విసుగు పుట్టగానే కుమ్మరులు పటాల పుస్తకాలమీద పడినారు. ఇక్కడ మన దేశం ప్రవేశిస్తుంది. తామస్ డేనియల్, అతని అన్నకొడుకు విలియం భారతదేశమంతా తిరిగి, 1795 మొదలు 1808 వరకు భాగాలుగా ప్రకటించిన ప్రాచ్యదృశ్యాల పటాలు వారికి గొప్ప నిధి అయినవి. లివర్పూలులోని హెర్క్యులేనియం కుమ్మరశాల మధుర కోటలోని దృశ్యాన్ని పళ్ళెములమీద అచ్చువేసింది. స్టాఫర్డ్‌షైరులో రాజర్స్ అనే సంస్థ ఢిల్లీలో ఫిరోజ్‌షా కోట్ల దగ్గరి శిథిలమండపాన్ని దింపుకొన్నది. స్పోడ్ కర్మాగారం, బెంగాలులో సైనికుడుగా ఉండిన కెప్టెన్ విలియంసన్ వేటపుస్తకంలోని పటాలతో ఒక భోజనపు సెట్టునే తయారుచేసింది. 1805 తరువాత వెలువడిన ఆ పుస్తకానికి పటాలు తీర్చినవాడు సామ్యుయల్ హౌవిట్. అతడు భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. గుర్రాలను నడిపించుకొని పోయే సైసులు, చెట్టుమీది చిరుతను కాల్చే వేటగాళ్ళు, తోడేలు వెంట తరుముతున్న గుంపు, ఇవన్నీ ఇంగ్లీషు గృహస్థుల వేపుడు మాంసం కింద నీలంగా మెరిసినవి.

ఈ బొమ్మలను భారతదేశపు చరిత్రకు సాక్ష్యమని ఎవరైనా చూపితే ఒక్క క్షణం ఆగాలి. చూసిన అధికారి గీసుకొన్న చిత్తు, చూడని చిత్రకారుడు తీర్చిన పటం, దానిని పళ్ళెము కొలతకు కత్తిరించిన చెక్కడపుపనివాడు: మూడు చేతులు మారిన సరుకు అది. అందులో తెలిసేది భారతదేశం ఎట్లా ఉండినదని కాదు. అది ఎట్లా ఉంటుందని ఇంగ్లండు కొనుగోలుదారు ఊహించుకొన్నాడని. 1842 లో వచ్చిన గ్రంథస్వామ్యపు చట్టంతో పటాలను ఇట్లు ఊరక ఎత్తుకొనడం కష్టమైంది. అప్పటినుంచి ఊహాలోకపు సరస్సులు, కోటలు ఎక్కువైనవి. ఏ ఊరూ కాని ఊళ్ళు అవి.

పళ్ళెముకంటె జగ్గుకు ఒక సదుపాయం ఉన్నది. దానికి రెండు ప్రక్కలు. ఒక వైపు బొమ్మ, రెండవ వైపు మాటలు వేయవచ్చు. మూతి కింద కొన్నవాని పేరు కూడ వ్రాయించుకోవచ్చు. సత్రాలలో అది చేతులు మారుతూ బల్లచుట్టూ తిరుగుతుంది. కనుక వార్తలు, పక్షాలు, పంతాలు ఎక్కువగా జగ్గులమీదనే ఎక్కినవి. 1805 ట్రఫాల్గరు యుద్ధంలో నెల్సన్ మరణించగానే అతని ముఖంతో జగ్గులు వచ్చినవి. 1819 ఆగష్టు 16 న మాంచెస్టరులోని సెంటు పీటరు మైదానంలో వోటుహక్కు కోరి గుమికూడిన జనంమీదికి అశ్వికదళం కత్తులు దూసింది. అనేకులు చనిపోయినారు, వందలమంది గాయపడినారు. ఆనాటి వక్త హెన్రీ హంటును జైలులో పెట్టినారు. జగ్గులమీద మాత్రం అతడు స్వేచ్ఛకు ప్రతినిధిగా నిలిచినాడు. 1820 లో నాలుగవ జార్జి తన రాణి కరొలినుకు విడాకులిచ్చే ప్రయత్నం చేసినప్పుడు, రాణి పక్షం జగ్గులు ఇంటింటికీ చేరినవి. వోటులేని మనిషి తన అభిప్రాయాన్ని బల్లమీద పెట్టుకొన్నాడు.

ఐతే కుమ్మరికి పక్షం ఉన్నదా? లివర్పూలు జగ్గులు అమెరికాకు వేల సంఖ్యలో పోయినవి. 1799 డిసెంబరులో జార్జి వాషింగ్టన్ మరణించిన తరువాత, అతడు దేవదూతల నడుమ స్వర్గానికి పోతున్నట్లు బొమ్మ వేసిన జగ్గులు ఇంగ్లండులోనే తయారైనవి. ఇంగ్లండును ఓడించిన సేనాపతి అతడు! అంతటితో ఆగలేదు. 1812 లో మళ్ళీ రెండు దేశాలకు యుద్ధం వస్తే, ఇంగ్లీషు ఓడలను అమెరికా నౌకాదళం పట్టుకొన్న దృశ్యాలను ఇంగ్లీషు కుమ్మరులే అచ్చువేసి అమెరికాకు అమ్మినారు. జగ్గుమీది బొమ్మ దేశభక్తిని చూపవచ్చు. అది అమ్మినవాని దేశభక్తి కానక్కరలేదు.

బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా జరిగిన ఉద్యమం కూడ మట్టిపాత్రలను ఆయుధంగా చేసుకొన్నది. సంకెళ్ళతో మోకరిల్లిన నీగ్రో బానిస బొమ్మను 1787 లో వెడ్జివుడ్ చిన్న పతకంగా తీర్చినాడు. అదే బొమ్మ తరువాత జగ్గులమీద, గిన్నెలమీద అచ్చయింది. 1820 తరువాత చక్కెరగిన్నెలమీద ఒక కొత్త మాట కనిపిస్తుంది: ఇందులోని చక్కెర ఈస్టిండియాది, బానిసలు చేసినది కాదు, అని. వెస్టిండీసు చక్కెరను మాని భారతదేశపు చక్కెర వాడండి అన్న ప్రచారం అది. ఆరు కుటుంబాలు ఇట్లు మారితే ఒక బానిస తక్కువ అవుతాడని లెక్క కూడ కట్టి అచ్చువేసినారు. ఉద్దేశం గొప్పది. కాని ఆ కాలంలో కంపెనీవారి భారతదేశంలోనూ బానిసత్వం ఉండేది. దానికి చట్టబలం తీసివేసిన శాసనం 1843 లో గాని రాలేదు. గిన్నెమీది మాట అచ్చు అయినంతమాత్రాన అంతా నిజం కాదు.

జగ్గు తయారైన గదిలోని సంగతి ఏ జగ్గుమీదా కనిపించదు. ఒక అచ్చుపనివాడు, ఇద్దరు స్త్రీలు, ఒక కత్తిరింపు పిల్ల కలిస్తే ఒక జట్టు. పొయ్యి ఎప్పుడూ మండుతూ ఉండే గదిలో, నూనెపొగలో, ఆ పిల్ల పొద్దుననుంచి రాత్రివరకు నిలిచి ఉండేది. 1841 లో పార్లమెంటు నియమించిన విచారణసంఘం పక్షాన సామ్యుయల్ స్క్రివెన్ అనే అధికారి స్టాఫర్డ్‌షైరు కుమ్మరశాలలన్నీ తిరిగి, పిల్లలను ఒక్కొక్కరినే ప్రశ్నించి వారి మాటలను వ్రాసుకొన్నాడు. ఆ నివేదిక చదివితే నీలిబొమ్మ అందం కొంత మసకబారుతుంది. కర్మాగారాల చట్టం కుమ్మరశాలలకు వర్తించడానికి 1864 వరకు ఆగవలసి వచ్చింది. అరగంట పని అరనిమిషానికి దిగినదని పైన లెక్క వేసినాము. ఆ మిగిలిన కాలం ఎవరికి దక్కింది అన్న ప్రశ్నకు కూడ చరిత్రవిద్యార్థి జవాబు వెదకాలి.

సేకరించినవారు

పందొమ్మిదవ శతాబ్దం రెండవ సగంలో కొందరు ఈ పాత్రలను వెదికి సేకరించడం మొదలుపెట్టినారు. లేడీ షార్లెట్ శ్రైబరు వారిలో ముందు చెప్పదగినది. వేల్సు దేశపు ప్రాచీనగాథలను ఇంగ్లీషులోనికి అనువదించిన విదుషీమణి ఆమె. భర్తతో కూడ యూరపు అంతా తిరిగి ఇంగ్లీషు మట్టిపాత్రలు, పింగాణి కొన్నది. 1884 లో భర్త పోయిన తరువాత, ఆయన జ్ఞాపకార్థం సుమారు 1800 వస్తువులను లండనులోని సౌత్ కెన్సింగ్టన్ ప్రదర్శనశాలకు ఇచ్చివేసింది. నేటి విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియం అదే.

ఆమె అందానికి, పనితనానికి విలువ కట్టింది. బ్రైటన్ నగరపు హెన్రీ విల్లెట్ వేరుగా ఆలోచించినాడు. ఆయన బీరు తయారుచేయించే వ్యాపారి. పాత్ర ఎక్కడ చేసినారు, ఎంత అరుదు అన్నది ఆయనకు ముఖ్యం కాదు. దానిమీద ఏమున్నది అన్నదే ముఖ్యం. ఇంగ్లండు ప్రజల చరిత్ర వారి వంటింటి మట్టిసామానులో చదువుకోవచ్చునని ఆయన నమ్మకం. సుమారు 2000 వస్తువులను కూర్చి, రాజులు, నౌకాదళం, వ్యవసాయం, నేరాలు, ఆటలు, మద్యపానం అని విషయాలవారీగా విడదీసి, 1899 లో లండనులోని బెత్నల్ గ్రీనులో ప్రదర్శించినాడు. 1903 లో దానిని బ్రైటన్ ప్రదర్శనశాలకు దానం చేసినాడు. నా మట్టుకు విల్లెట్ దారియే మంచిదని తోచుతుంది. చెవి విరిగిన జగ్గుకు కూడ ఆయన బీరువాలో చోటు దొరికింది. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ అభిరుచి ఇంకా వ్యాపించింది. నీలి అచ్చుపాత్రల ప్రియులు 1973 లో ఇంగ్లండులో ఒక సంఘమే పెట్టుకొన్నారు. 1982 లో కాయిష్, హెన్రీవుడ్ అనేవారు ఈ బొమ్మలకు ఒక నిఘంటువు ప్రకటించినారు.

సేకరించేవారికి వచ్చే మొదటి ప్రశ్న: ఇది ఎప్పటిది? జగ్గును తలక్రిందు చేసి అడుగు చూడడం అందుకే. అడుగున వజ్రాకారపు ముద్ర ఉంటే దాని నమూనా 1842, 1883 మధ్య ప్రభుత్వంలో నమోదైనదన్నమాట. ఆ వజ్రం మూలలలోని అక్షరాలు, అంకెలు చదివితే సంవత్సరం, నెల, తేదీ కూడ తెలుస్తవి. 1884 నుంచి వజ్రం పోయి వరుససంఖ్య వచ్చింది. ఇంగ్లండు అన్న దేశం పేరు ఉంటే చాలవరకు 1891 తరువాతిది. ఏలనంటే ఆ సంవత్సరం నుంచి అమెరికా సుంకపు చట్టం దిగుమతి సరుకుమీద దేశం పేరు ఉండాలని నిర్బంధించింది. అమెరికా చట్టసభలో చేసిన ఒక తీర్మానం ఇంగ్లీషు జగ్గు అడుగున అచ్చయింది!

ముద్ర లేకపోతే కన్నులే ఆధారం. చేతితో కాగితం దింపిన జగ్గుమీద ఎక్కడో ఒక అతుకు ఉండక తప్పదు. పిడి దగ్గర అంచుపట్టీ రెండు కొసలు సరిగా కలియవు. ఒక పువ్వు సగంలో తెగుతుంది. కాగితం ముడతపడినచోట తెల్లని గీత మిగులుతుంది. మొదటి చూపుకు ఇవి లోపాలు. పరీక్షకునికి ఇవే నమ్మకమిచ్చే గుర్తులు. భూతద్దం కింద గీతలకు బదులు ఒకే కొలత చుక్కలు వరుసలుగా కనిపిస్తే అది ఇరవయ్యవ శతాబ్దపు అచ్చు అని అనుమానించాలి. పాదం మూలలో పూత గుమికూడినచోట లేతనీలం ఛాయ ఉంటే, వెడ్జివుడ్ 1779 లో ప్రవేశపెట్టిన ముత్యపు రంగు పాత్రల జాతికి చెందినది కావచ్చు.

అన్నిటికంటె మోసం చేసేది జగ్గుమీద అచ్చయిన సంవత్సరమే. సండర్లండు జగ్గుల సంగతి చూడండి. ఆ ఊరిలో వియర్ నదిమీద 1796 లో ఒక ఇనుపవంతెన తెరిచినారు. ఒక్కటే కమాను, 236 అడుగులు. కింద తెరచాప ఓడలు పోయేవి. ఊరివారు పొంగిపోయి దానిని జగ్గులమీద అచ్చువేసుకొన్నారు. చుట్టూ బంగారపు ద్రావణంతో వచ్చే గులాబిరంగు మెరుపు పూసినారు. చాలా జగ్గులమీద 1796 అని ఉంటుంది. అమ్మేవాడు దానిని చూపి జగ్గు వయస్సు చెప్పుతాడు. కాని అదే జగ్గుమీద డిక్సన్, ఆస్టిన్ అన్న పేరు ఉంటే, ఆ పేరుతో సంస్థ నడిచినది 1820 తరువాతనే. 1796 వంతెన పుట్టిన ఏడు, జగ్గు పుట్టిన ఏడు కాదు. వంతెనను 1859 నాటికి రాబర్ట్ స్టీఫెన్‌సన్ తిరిగి కట్టి, నడుమ ఎత్తును తగ్గించినాడు. 1929 నాటికి దాని స్థానంలో కొత్త వంతెన వచ్చింది. మొదటి వంతెన గూనిరూపం ఇప్పుడు పాత పటాలలోను, ఈ జగ్గులమీదను మాత్రమే చూడగలము.

ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. ఈ జగ్గుల గాజుపూతలో సీసం ఉన్నది. ఆ పూతనీళ్ళలో రోజూ చేతులు ముంచిన పనివారు సీసపు విషంతో కడుపునొప్పి, పక్షవాతం పాలైనారు. ముడిసీసపు పూతలను బ్రిటిషు నిబంధనలు నిషేధించినది 1947 లో. పాత జగ్గు ఎవరి ఇంటనైనా ఉంటే బీరువాలో పెట్టుకొని చూడవచ్చు. నిమ్మరసం, మజ్జిగ వంటి పులుపు పదార్థాలు మాత్రం అందులో పోయకూడదు. పులుపు పూతలోని సీసాన్ని కొద్దికొద్దిగా కరిగించి లాగుతుంది. పూత నెరదలు విచ్చిన జగ్గులో ఇంకా త్వరగా లాగుతుంది.